రాజు వేషంలో దస్తగిరి మామ

పోయిన నెలలో దస్తగిరి మామ చనిపోయాక మూడో రోజు చేసే జియారత్‌కు మా ఊరు వెళ్లాను. మా ఊరంటే వజ్రకరూరు పక్కన ఒక చిన్న పల్లె. నేను పుట్టి పెరిగిన ఇల్లు అమ్మేసి చాలా కాలమైంది కాబట్టి, ఇప్పుడు ఆ ఊళ్లో చెప్పులు విప్పి చొరవగా లోపలికి పోవడానికి నాకున్న గడప ఆయనదొక్కటే. మామ అంటే మేనమామ కాదు. మా ఇంటి గోడకు గోడ ఆనుకొని ఉన్న దూదేకులవాళ్ల ఇంటి పెద్ద, ఊరి దర్జీ, నా స్నేహితురాలు మాబున్నికి నాయన. నిండా పండిన వయసులో, ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టకుండా పోయాడు. ఇంటి ముందు చాపలు పరిచి మగవాళ్లు కూర్చున్నారు. లోపలినుంచి అగరొత్తుల వాసన, పెరట్లోంచి పలావు వాసన కలిసి వస్తున్నాయి. అందరూ ఆయన కుట్టు గురించే మాట్లాడుతున్నారు. గుడ్డ చిరిగితే చిరిగేది కానీ దస్తగిరి వేసిన కుట్టు ఊడేది కాదని ఒకరు, కొలత తీసుకోకుండా మనిషిని ఒకసారి ఎగాదిగా చూసి చొక్కా కత్తిరించేవాడని ఇంకొకరు. నేను చాలాసేపు విన్నాను. ఆయన రాజు వేషం కట్టేవాడన్న మాట ఒక్కరి నోటా రాలేదు. నాకు కోపం వచ్చింది. కాసేపటికి ఆ కోపం ఎవరిమీదో నాకే తెలియలేదు. ఆ వేషం చూసిన కళ్లు ఇప్పుడు ఊళ్లో ఎన్ని మిగిలాయి గనుక?

మాబున్ని ఏడవాల్సిందంతా ఏడ్చేసి, నా పక్కన గోడకు ఆనుకొని వక్కాకు నములుతూ కూర్చుంది. నా మొహం చూసి నేనేం ఆలోచిస్తున్నానో పసిగట్టింది. చిన్నప్పటినుంచీ దానికి ఆ విద్య ఉంది.

"ఆ పొద్దు అనంతపురంలో జరిగింది రాయి మే," అంది. "ఊళ్లో ఉండే కోడి గురించీ కుక్క గురించీ రాస్తావు, మా నాయన గురించి యాల రాయవు?"

"రాస్తాలే."

"రాయి గానీ, నీళ్ల సంగతి మాత్రం రాయద్దు. నా మనవరాండ్లు సదువుతారు. నగుబాటు."

రాయనని నేను ఒట్టేమీ వేయలేదు. నీళ్ల సంగతి లేకుండా ఆ రోజు గురించి చెప్పడమంటే ఉప్పు వేయకుండా చారు కాచడమే.

మామ ఇంటి ముందు గదే ఆయన అంగడి. కొత్త గుడ్డల గంజి వాసన, మిషనుకు పోసే నూనె వాసన, బొగ్గుల ఇస్త్రీపెట్టె కాలే వాసన, ఈ మూడూ కలిసిన ఒక వాసన ఆ గదిలో ఎప్పుడూ నిలిచి ఉండేది. నాకు ఈ రోజుకీ బట్టల అంగడిలోకి అడుగు పెట్టగానే ముక్కు దాన్నే వెతుకుతుంది. మామ మనిషి మితభాషి. పలకరిస్తే తలూపేవాడు, కొలతలు కావాలంటే చెయ్యి ఎత్తమని సైగ చేసేవాడు. కానీ మిషను తొక్కడం మొదలుపెట్టాడంటే గొంతు విప్పేవాడు. ఆయన పద్యాలన్నీ నేర్చుకున్నది ఆ మిషను మీదే. కాలు తొక్కుతుంటే ఆ జోరుకు తగ్గట్టు రాగం నడిచేది. పావడా అంచు లాంటి పొడుగాటి కుట్టయితే రాగం మా ఇంటి వంటగది దాకా సాగి సాగి వచ్చేది. మూల తిరగాల్సి వస్తే పద్యం మధ్యలో ఆగిపోయి, గుడ్డ తిప్పుకున్నాక మళ్లీ అందుకునేది. గోడ ఇవతల రాగులు విసురుతూ మా అమ్మ, "ఇయ్యాల లంగాలు కుడతాండాడు మీ మామ, ఆలాపన యాడికో పోతాంది," అనేది. కాజాలు మాత్రం చేత్తో కుట్టాలి. ఆ పని మాబున్నిది. అది కింద చాప మీద కూర్చొని కాజాలు, గుండీలు కుడుతూ ఆయన పద్యాలన్నీ చెవులతో తాగేసింది. ఏ పద్యమైనా ఎక్కడ ఎత్తుకోమంటే అక్కడ ఎత్తుకునేది. అయితే వాళ్ల నాయనను వేషంలో ఒక్కసారి కూడా చూడలేదు. ఆయన చూడనివ్వలేదు.

దానికి కారణం మాబున్ని వాళ్ల అవ్వ. మామ తొలిసారి రాజు వేషం కట్టింది పక్కూళ్లో జాతరకు. రాజ్యం పోగొట్టుకొని అడవుల పాలైన రాజు. ఆకలితో నకనకలాడుతూ ఒక పద్యం పాడి, సొమ్మసిల్లి చెట్టు కింద కూలబడాలి. మామ ఎంత బాగా కూలబడ్డాడంటే, ముందు వరసలో కూర్చున్న అవ్వకు కడుపు తరుక్కుపోయింది. తాను తినడానికని చెంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టె, మధ్యలో చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, చేత పట్టుకొని నేరుగా స్టేజీ ఎక్కింది. "పిల్లోడు ఆకలాకలి అని అరస్తాంటే ఒకరికన్నా ఇనపడల్యా? మనుషులేనా మీరు?" అని హార్మోనియం వాయించే ఆయన్ను తిట్టింది. కొడుకు తల ఒళ్లో పెట్టుకొని, "తినప్పా, తిని పాడుదువు," అంది. ఆ రొట్టె తీసుకోకపోతే వాళ్లమ్మ కదలదు. తీసుకుంటే ఆయన రాజు కాడు. తీసుకున్నాడు. జనం నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పేరు రొట్టెరాజు. ఆ రోజు మామ ఇంటికొచ్చి తల్లిని ఒక్క మాట అనలేదు. కానీ ఒక కట్టడి పెట్టాడు. నేను వేషం కట్టే చోటికి నా ఇంటివాళ్లెవరూ రాకూడదు, నావాళ్లు చూస్తున్నారని తెలిస్తే నాకు నోట మాట రాదు అని. ఆ కట్టడి భార్యకు, ఆ తర్వాత కూతురికి కూడా వర్తించింది. మాబున్నికి తెలిసిన రాజల్లా తీగ మీద ఆరేసిన ముఖమల్ కోటే. అది ఆయనే కుట్టుకున్నాడు.

అలా ఉండగా మాబున్నికి కణేకల్ సంబంధం ఖాయమైంది. వచ్చే నెల పెళ్లి. పెళ్లయ్యాక దాన్ని నాటకానికి పంపించే వాళ్లెవరు? సరిగ్గా అప్పుడే అనంతపురంలో పద్యనాటకాల పోటీలన్నారు. పగటిపూటే ఆటలు, వరసగా మూడు రోజులు. మామ బృందంలో ఎప్పుడూ పెద్ద రాజు వేషం కట్టే ఆయనకు గొంతు పట్టేసి, ఆ వేషం మామకు వచ్చింది. పట్నంలో బహుమతి కొడితే జిల్లా అంతా పిలుస్తారు, రొట్టెరాజు అన్న పేరు పోతుంది. "ఇదొక్కటి నిలబడితే సాలు నాకు," అని మామ మా నాయనతో అనడం నేను గోడ ఇవతలనుంచి విన్నాను. అంత పొడుగాటి మాట ఆయన నోట అంతకుముందు వినలేదు. మామ ముందురోజే బృందంతో వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున నేను, మాబున్ని, సుగుణ బస్సెక్కాం. సుగుణ మా బడి స్నేహితురాలు. వాళ్ల పెద్దమ్మ అనంతపురంలో ఆసుపత్రి ఆయా కాబట్టి సుగుణకు పట్నంలో దారులు తెలుసు. ప్రతి ఆదివారం ప్రార్థనలో నలుగురి ముందు నిలబడి పాడే పిల్ల కాబట్టి మా ఇద్దరికంటే ధైర్యం కూడా ఎక్కువ. ఇంట్లో చెప్పింది పెళ్లికి గాజులు కొంటామని, మ్యూజియం చూస్తామని. మా అమ్మ నోరు నొక్కుకుంది. "రాళ్లు చూసేదానికి అనంతపురం దాకా యాల మే? మన చేన్లో లేవా రాళ్లు?"

మా అమ్మ మాట అబద్ధం కాదు. మ్యూజియం ఆవరణ నిండా రాళ్లే. చెట్ల కింద వీరగల్లులు, ముక్కు పోయిన దేవుళ్లు, చేతులు లేని దేవతలు వరసగా నిలబడి ఉన్నారు. మేం మాత్రం వాటిలో ఒక్కదాన్నీ చూడకుండా తలలు దించుకొని నడుస్తున్నాం. ఇది మా ప్రాంతంవాళ్లకు పుట్టుకతో వచ్చే జబ్బు. తొలకరి చినుకు పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో మా చేలల్లో వజ్రాల కోసం దిగుతారు. మేం అక్కడే పుట్టినవాళ్లం కాబట్టి చినుకు పడినా పడకపోయినా నేల మీదనుంచి కళ్లు తీయం. ఆవరణలో కొత్తగా పోసిన కంకర ఎండకు తళతళమంటోంది. మాబున్ని ఒకవైపు, నేను ఒకవైపు కాలి బొటనవేలితో రాళ్లు కదిలిస్తూ పోతుంటే కాపలా ఆయన బెంచీ మీదనుంచి లేచి వచ్చాడు.

"ఏం పోగొట్టుకున్న్యారు పాపా?"

"ఏం పోగొట్టుకోల్యా సార్," అంది సుగుణ. "ఏమన్నా దొరుకుతాదేమో అని చూస్తాండాం."

ఆయన మమ్మల్ని పైనుంచి కిందికి చూశాడు. "యా ఊరు మీది? వజ్రకరూరు పక్కనా?"

మేం తలలూపాం.

"ఈ కంకర తోలినపొద్దే నేను గూడా చూసినాలే. ఏమీ ల్యా. లోపలికి పోయి ఆ బొమ్మలు చూడండి, అవన్నా పుణ్యం," అన్నాడు.

లోపల చల్లగా ఉంది. చెప్పులు ఎవరూ విప్పమనకపోయినా, దేవుళ్లున్న చోటు కదా అని గుమ్మం దగ్గరే విప్పేశాం. సుగుణ ఒక్కో పలకా గట్టిగా చదువుతోంది. మాబున్ని మాత్రం ఒక రాతి రాజు ముందు ఆగిపోయింది. నడుముకు కత్తి, తలమీద ఎత్తైన కిరీటం, ఒక కాలు కొంచెం ముందుకు. దాని చుట్టూ తిరిగి చూసింది, మెడ వంచి చూసింది. నేను పక్కకొచ్చి నిలబడితే మెల్లగా అంది, "రాజు ఇట్ల నిలబడతాడా మే? మా నాయనకు నడుము కొంచెం వంగింది కదా, మిషను తొక్కి తొక్కి. ఇట్ల నిలబడగలడా?" నిలబడతాడులే అన్నాను. అది నమ్మినట్టు లేదు. బయటికి వస్తూ కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి ఆ రాజు నడుము చూసింది.

అక్కడినుంచి హోటలుకు. తోడు పెద్దవాళ్లెవరూ లేకుండా హోటల్లో కూర్చోవడం మా ముగ్గురికీ అదే మొదలు. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చెప్పాం. మా ఊళ్లోనూ దొరికేవే, పట్నంలో వేరేగా ఉంటాయేమోనని ఆశ. సర్వరు ముందుగా పెద్ద పెద్ద స్టీలు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి పెట్టాడు. మేం తాగేశాం. ఆయన మళ్లీ నింపాడు. మళ్లీ తాగేశాం. పరాయి ఊళ్లో గ్లాసులో నీళ్లు వదిలేసి లేవడమన్నది మా ఊహకే అందని పని. మా ఊళ్లో నీళ్లంటే బోరు దగ్గర వరసలో నిలబడి, బిందె నెత్తిన పెట్టుకొని, కాళ్లు కాలే దారిలో మోసుకొచ్చేవి. చుట్టాలొచ్చి గ్లాసులో అడుగున కాసిన్ని మిగిల్చినా, ఆ నీళ్లతో మా అమ్మ కరివేపాకు చెట్టు గొంతు తడిపేది. నేనొకసారి మిగిల్చి లేస్తే, "ఏటి పక్క పుట్టినావా మే నువ్వు?" అని వీపు మీద ఒక్కటిచ్చింది. అందుకని ఆ సర్వరు పోస్తూనే ఉన్నాడు, మేం మర్యాదగా తాగుతూనే ఉన్నాం. బజ్జీలు వచ్చేసరికి కడుపులో చోటు లేదు. వాటి కారానికి మళ్లీ నీళ్లు. సుగుణ పైట చాటున త్రేన్చింది. చివరికి ఆ సర్వరే చెంబు కింద పెట్టి నడుం మీద చేతులు వేసుకున్నాడు.

"అమ్మా, గ్లాసు ఖాళీగా కనపడితే పోసేది నా పని. మీకు సాలయితే ఇడిసిపెట్టి లేయండి. నేను పోస్తాంటే మీరు తాగుతాంటే ఇది పొద్దుగూకిందాకా తెగదు."

"ఇడిసిపెడితే ఏం చేస్తారన్నా వాటిని?" అని మాబున్ని అడిగింది.

"పారబోస్తాం."

అది విని మాబున్ని తన గ్లాసులో ఉన్నది కూడా ఎత్తి తాగేసింది. ఆ గ్లాసే మా కొంప ముంచింది.

నాటకాల హాలుకు చేరేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు. మామ కంట పడకుండా ఆడవాళ్ల వైపు ఒక స్తంభం పక్కన సర్దుకున్నాం. తెర లేచేముందు నిర్వాహకుడొకాయన మైకు ముందుకొచ్చి పోటీ నియమాలు చదివాడు. ఏ నాటకానికి ఇచ్చిన సమయం ఆ నాటకానికే, గంట కొట్టాక ఒక్క మాట మాట్లాడినా బహుమతికి లెక్కలోకి రాదు. "కాబట్టి ప్రేక్షక మహాశయులు వన్స్ మోర్లు అడగరాదు. అడిగితే నష్టపోయేది నటులే," అన్నాడు. వెనక బెంచీలవాళ్లు గొణుక్కున్నారు. మా వైపు పద్యానికి వన్స్ మోర్ పడకపోతే అది పద్యమే కాదు. బాగా పాడినవాడి చేత మళ్లీ పాడించుకోవడం జనం హక్కు, పాడడం నటుడికి గౌరవం. పోటీ అనేసరికి ఆ రెండూ పోయాయి.

మామ నాటకం మొదలైంది. రాజు రెండో రంగంలో గానీ రాడు. మొదటి రంగం సగంలో ఉండగా మాబున్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొహం చెమటలు పట్టి ఉంది.

"మే, నేను బయటికి పోవాల."

"ఇప్పుడా? ఇంగ మామ వస్తాడు. ఆపుకో."

"హోటలు కాడ్నుంచి ఆపుకున్న్యా. ఇంగ నా వల్ల కాదు."

ఆ హాల్లో మగవాళ్లకు వెనక గోడ ఉంది. ఆడవాళ్లకు ఏమీ లేదు. ఆడవాళ్లు నాటకానికి వస్తారని తెలుసు, కుర్చీలు వేశారు, పక్కన తాడు కూడా కట్టారు. వాళ్లకూ కడుపులుంటాయని ఎవరికీ తోచలేదు. మాబున్ని ఇంకాసేపు పళ్లు బిగపట్టి కూర్చుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి సుగుణ దాని రెక్క పట్టుకొని లేపింది. "వెనక సందులో ఎవురింట్లోనైనా అడుగుదాం రా. బిన్నా పోయి వద్దాం. రాజీ, నువ్వు చోటు చూసుకో." వాళ్లు పక్క తలుపులోంచి బయటికి వెళ్లారు. వాళ్లు వెళ్లడం, తెర పడి మళ్లీ లేవడం ఒకేసారి జరిగాయి.

దస్తగిరి మామ వచ్చాడు. నేను పోల్చుకోలేకపోయాను. రోజూ బనీను మీద మెడలో టేపు వేసుకొని తిరిగే మనిషి, ఆ ముఖమల్ కోటులో, అద్దెకు తెచ్చిన కిరీటం కింద, ఎరుపు దిద్దిన మొహంతో, ఎవరో పైనుంచి దారం కట్టి లాగినట్టు నిటారుగా నిలబడ్డాడు. నడుములో వంపు ఏమైపోయిందో. అయ్యో మాబున్నీ, చూడవే, అనుకున్నాను. హార్మోనియం నరసప్ప శ్రుతి ఇచ్చాడు. మామ పద్యం ఎత్తుకున్నాడు. నేను గోడ ఇవతలనుంచి చిన్నప్పటినుంచీ విన్న పద్యమే. కానీ ఎక్కడా మూల తిరగడానికి ఆగలేదు, ఒకే గుడ్డలా సాగిపోయింది. రాజుగా కట్టుకున్న అంచు పంచె కింద ఆయన కుడికాలు మాత్రం మడమ ఎత్తి దించి, ఎత్తి దించి, లేని మిషనును తొక్కుతోంది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక కన్ను స్టేజీ మీద, ఒక కన్ను తలుపు మీద పెట్టుకొని కూర్చున్నాను. తలుపు దగ్గర ఎవరూ లేరు. ఆ నాటకంలో మామకున్న పెద్ద పద్యం అదొక్కటే. మిగిలినవన్నీ చిల్లర మాటలు, ఆ తర్వాత వేషం ముగిసిపోతుంది. పద్యం అయిపోయింది. హాలంతా చప్పట్లు. తలుపు దగ్గర ఇంకా ఎవరూ లేరు.

నేను లేచి నిలబడి, "వన్స్ మోర్!" అని అరిచాను.

నియమం తెలియక కాదు. తెలిసే అరిచాను. ఇప్పుడైనా అరుస్తాను. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ పిల్ల కోరుకున్నది అదొక్కటి, మధ్యలో హోటలు గ్లాసు అడ్డం వచ్చిందని పోగొట్టుకోవాలా? చప్పట్లు ఆగిపోయాయి. తాడుకు అటువైపు మగవాళ్లంతా తిరిగి చూశారు. మా వైపు ఆడపిల్ల వన్స్ మోర్ అనడం అప్పటిదాకా ఎవరూ ఎరగరు. నిర్వాహకుడు కూర్చోమని చెయ్యి ఊపాడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా పైట పట్టి లాగింది. నేను కూర్చోలేదు. మళ్లీ అరిచాను. ఈసారి వెనక బెంచీలనుంచి ఎవరో అందుకున్నారు. "ఆ పాప అడుగుతాంది కదప్పా! పాడన్నా!" ఇంకొకరు, ఇంకొకరు. హాలు హాలంతా వన్స్ మోర్ అయిపోయింది.

మామ గొంతు గుర్తుపట్టి నా వైపు చూశాడు. నా పరికిణీలన్నీ కుట్టిన మనిషి, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు? నేనక్కడ ఉన్నానంటే తన కూతురు కూడా ఉండాలి. ఆ సంగతి ఆయనకు తట్టడం నేను అక్కడినుంచే చూశాను. రంగు కింద మొహం మారిపోయింది. నా పక్కనున్న ఖాళీ కుర్చీలు చూశాడు. హాలంతా వెతికాడు. నరసప్ప హార్మోనియం మీదనుంచి తలెత్తకుండానే, "వద్దు దస్తగిరీ, టైము, టైము," అని పళ్ల మధ్యనుంచి అంటున్నాడు. పక్కనున్న మంత్రి వేషం ఆయన తన మాట మొదలుపెట్టబోయాడు. మామ చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అలాగే నిలబడ్డాడు. పాడడు, కదలడు. తనవాళ్లు చూస్తే నోట మాట రాదని ఆయన చెప్పింది నిజమే కాబోలు, నేను పని చెడగొట్టి పెట్టానేమో అనిపించింది.

అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది. మాబున్ని పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. పావడా అంచు తడిసి కాళ్లకు అంటుకొని ఉంది. రొప్పుతోంది. వెనకాల సుగుణ. బయట సందులో ఎవరింటి పెరట్లోనో ఉండగానే మైకులో నాయన గొంతు వినబడిందట, పరుగెత్తేలోపే పద్యం అయిపోయిందట. తండ్రీ కూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. మామ నరసప్ప వైపు తిరిగి శ్రుతి ఇమ్మన్నట్టు వేలు ఎత్తాడు.

రెండోసారి పాడాడు. మొదటిసారి కంటే నెమ్మదిగా పాడాడు. నేను ఆయన కాళ్లు చూశాను. ఈసారి మడమ కదల్లేదు. రెండు కాళ్లూ నేలకు ఆనించి, పద్యం చివరిదాకా ఆ తలుపు వైపే చూస్తూ పాడాడు. మాబున్ని గుమ్మం దాటి లోపలికి రాలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అక్కడే నిలబడింది. నాటకం ముగింపుకు రాకముందే గంట మోగింది.

బహుమతి వేరే ఊరివాళ్లకు పోయింది. జిల్లా అంతా ఎవరూ పిలవలేదు. మామ ఆ తర్వాత చుట్టుపక్కల జాతరల్లో కొన్నాళ్లు వేషాలు కట్టాడు, నెమ్మదిగా అదీ మానేశాడు. మాబున్ని కణేకల్ కోడలైపోయింది. సుగుణ నర్సు చదివి ఎక్కడెక్కడో పనిచేసి ఇప్పుడు అనంతపురంలోనే స్థిరపడింది. జియారత్ అయ్యాక మేం ముగ్గురం కలిసి ఒక పూట అనంతపురం తిరిగాం. మ్యూజియంలో ఆడవాళ్లకు వేరే గది, దానికి బోర్డు, లోపల కొళాయి. సుగుణ ఆ బోర్డు ముందు నిలబడి దండం పెట్టింది. నేనేమీ ఆ రోజులే బంగారమని అనను. ఒక పిల్ల తన తండ్రిని చూసుకోవడానికి వచ్చి, ఎక్కడికి పోవాలో తెలియక కళ్లనీళ్లు పెట్టుకున్న రోజులవి. ఇప్పటి పిల్లలకు ఆ బాధ తప్పింది, సంతోషం. మాబున్ని మనవరాలు స్కూలు నాటకంలో వేసిన వేషాన్ని మాకు ఫోన్లో చూపించింది. బాగుందంటే వేలితో నొక్కి మళ్లీ చూపించింది, మళ్లీ మళ్లీ చూపించింది. ముచ్చటగానే ఉంది. కానీ మా మామది ఒక్క ఫొటో కూడా లేదు. ఆ రోజు ఆయన రాజుగా ఎలా నిలబడ్డాడో చెప్పగలిగేవాళ్లం మేం ముగ్గురమే. మేం పోతే ఆ రాజు కూడా పోతాడు. అందుకే రాస్తున్నాను, నీళ్లతో సహా.

నాటకమైన ఆ సాయంత్రం అందరం ఒకే బస్సులో తిరిగి వచ్చాం. మేం ముందు ఆడవాళ్ల సీట్లో ముడుచుకొని కూర్చున్నాం, బృందం వెనక. కొబ్బరినూనెతో రంగు తుడుచుకున్నా మామ చెవుల దగ్గర ఎరుపు మిగిలే ఉంది. వెనకనుంచి నరసప్ప గొణుగుడు ఆగడం లేదు. "చేతికొచ్చిన ప్రైజును కాలితో తన్నినావు కదప్పా. ఎవురో పిల్ల అరిస్తే పాడాల్నా? నీకు బుద్ధుండాల్సిన పన్ల్యా?" కాసేపటికి మామ లేచి, సీట్లు పట్టుకుంటూ మా దగ్గరకొచ్చాడు. నేను, సుగుణ కిటికీ వైపు తిరిగిపోయాం. తిట్లు నాకే మొదలవుతాయనుకున్నాను. ఆయన నన్ను చూడలేదు.

"ఎవురు రమ్మన్యారు మే నిన్ను?" అన్నాడు కూతురితో.

మాబున్ని తల దించుకుంది.

మామ వెనకవాళ్లకు వినబడకుండా వంగి, కొలత సరిపోయిందా అని అడిగినట్టు అడిగాడు. "ఎట్ల పాడినా?"

"ఏమో నాయనా," అంది మాబున్ని. "పద్యం నాకు తెలిసిందే కదా. నిన్నే చూస్తాంటి. ఏం పాడినావో ఇనల్యా."

వెనక మామ సీటు ఖాళీగానే ఉన్నా, మేం దిగే ఉరవకొండ వచ్చేదాకా కూతురి సీటు కడ్డీ పట్టుకొని అక్కడే నిలబడ్డాడు.